మా న్యాయవాదే ఫుట్‌బాల్ సంఘంలో కమిటీ సభ్యుడు: మా ఫిర్యాదును ఆయన నడపవచ్చా?

ప్రశ్న: నేను ఘనాలోని టెమాలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మాది గుంటూరు జిల్లా. ఇక్కడి మిత్రులతో కలిసి, డివిజన్ టూ లీగ్‌లో ఆడే ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌లో వాటా తీసుకున్నాను. క్లబ్ కార్యవర్గంలో నా పేరు కూడా ఉంది. మా దగ్గర శిక్షణ పొందిన 19 ఏళ్ల ఆటగాడిని, ఒప్పందం గడువు ఇంకా ఉండగానే, ఘనాలోనే ఉన్న మరో క్లబ్ తీసుకుపోయింది. ఆ ఒప్పందం రాసిన మా క్లబ్ న్యాయవాది ఘనా దేశస్థుడు. ఆయన ఫుట్‌బాల్ సంఘంలో ఒక కమిటీ సభ్యుడు కూడా. ఫిర్యాదు సంగతి అడిగితే, "సంఘంలో నేను ఉన్నాను కదా, నిశ్చింతగా ఉండండి" అంటున్నారు. ఒక న్యాయవాది ఇలా రెండు చోట్లా ఉండవచ్చా? ఆ సంఘంతో పని లేకుండా నేరుగా అక్రాలోని హైకోర్టుకు వెళ్ళమని మరో మిత్రుడు అంటున్నారు. పోనీ, హైదరాబాదులో దావా వేసే వీలుందా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, టెమా

సమాధానం: మీ చివరి సందేహానికి జవాబు చిన్నది కనుక ముందు అదే చెబుతాను. హైదరాబాదులో దావా నిలవదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 ప్రకారం ప్రతివాది నివసించే చోట గాని, వ్యాజ్య కారణం తలెత్తిన చోట గాని దావా వేయాలి. మీ విషయంలో ఒప్పందం, ఆటగాడు, అవతలి క్లబ్ అన్నీ ఘనాలోనే ఉన్నాయి. మీరు భారత పౌరులు కావడం ఒక్కటే ఇక్కడి కోర్టుకు అధికారం కల్పించదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఘనాలో న్యాయవాదులు ఫుట్‌బాల్ పాలనలో పాల్గొనడం వింతా కాదు, తప్పూ కాదు. 2005 నుంచి 2018 వరకు ఘనా ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న క్వెసీ న్యాంటాక్యీ న్యాయవాది. 2018 సంక్షోభం (దాని సంగతి కింద చెబుతాను) తర్వాత ప్రపంచ ఫుట్‌బాల్ పాలక సంస్థ ఫిఫా నియమించిన తాత్కాలిక పాలక కమిటీలో నా ఒడొఫోలీ నోర్టే అనే న్యాయవాది సభ్యురాలు. 2019 అధ్యక్ష ఎన్నికలో పోటీ చేసిన అమాండా క్లింటన్ న్యాయవాదే. ఆ ఎన్నికలో కుర్ట్ ఒక్రాకు అనే అభ్యర్థి గెలిచిన తర్వాత ప్రధాన కార్యదర్శి పదవి చేపట్టిన ప్రాస్పర్ హారిసన్ అడో కూడా న్యాయవాదే. ఆటగాళ్ల ఒప్పందాలు, క్రమశిక్షణ విచారణలు, అప్పీళ్లు అన్నీ చట్టం భాషలో నడిచే వ్యవహారాలు గనుక న్యాయవాదులు లేని సంఘమే అరుదు. కనుక మీ న్యాయవాది సంఘంలో ఉండటాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. ఆయన ఏ కమిటీలో ఉన్నారు, మీ ఫిర్యాదు ఏ కమిటీ ముందుకు వెళుతుంది అన్న రెండు విషయాల మీదనే జవాబంతా ఆధారపడి ఉంటుంది, మీ ఉత్తరంలో మాత్రం ఆ వివరం లేదు.

ఒక దేశంలోని రెండు క్లబ్‌ల మధ్య ఆటగాడి విషయమై వచ్చే తగాదాను ఆ దేశపు సంఘంలోని ఆటగాళ్ల హోదా కమిటీ వింటుంది. దాని పైన అప్పీళ్ల కమిటీ ఉంటుంది. మీ న్యాయవాది ఈ రెండింటిలో దేనిలో ఉన్నా ఆయన మీ తరఫున వాదించకూడదు, తీర్పు చెప్పడానికీ కూర్చోకూడదు. విచారణ రోజున కుర్చీ వదిలి బయటకు వెళితే సరిపోతుందని కొందరు అంటారు. నా అభిప్రాయంలో అది చాలదు, ఎందుకంటే ఆ రోజు తీర్పు చెప్పేవారు మరుసటి వారం ఇంకో కేసులో ఆయన పక్కన కూర్చోవలసిన సహ సభ్యులు. ఆయన వైద్య కమిటీ వంటి తీర్పులతో సంబంధం లేని చోట ఉంటే పరిస్థితి కొంత తేలిక. అప్పుడు కూడా తన వృత్తి సంబంధాన్ని సంఘానికి రాతపూర్వకంగా వెల్లడించాలి. ఫిఫా నైతిక నియమావళి చెప్పేది కూడా ఇదే: విరుద్ధ ప్రయోజనాలు ఉన్న చోటనే కాక, అవి తలెత్తే అవకాశం ఉన్న చోట కూడా ఆ వ్యక్తి విధులు నిర్వర్తించరాదు, సంగతిని వెంటనే తన సంస్థకు తెలియజేయాలి.

ఇందులో మీరు గమనించవలసిన ప్రమాదం ఒకటుంది. ఆయన పలుకుబడితో మీరు గెలిచినా ఆ గెలుపు నిలవకపోవచ్చు. తీర్పు చెప్పిన కమిటీకి, గెలిచిన పక్షం న్యాయవాదికి ఉన్న సంబంధాన్ని చూపి అవతలి క్లబ్ అప్పీలుకు వెళితే, వాళ్ల చేతికి మీరే ఆయుధం అందించినట్లవుతుంది. పైగా ఆ ఒప్పందం రాసింది ఆయనే గనుక, దానిలోని ఏదైనా షరతు చెల్లదని అవతలివారు వాదిస్తే ఆయన తన రాతను తానే సమర్థించుకునే స్థితిలో పడతారు, అవసరమైతే సాక్షిగా రావలసి ఉంటుంది. కాబట్టి ఆయన ఏ కమిటీలో ఉన్నా, ఈ ఒక్క వ్యాజ్యానికి వేరొక న్యాయవాదిని పెట్టుకోమనే నా సలహా.

ఘనా న్యాయవాదుల వృత్తి ప్రవర్తనకు 1960 నాటి లీగల్ ప్రొఫెషన్ చట్టం, దాని కింద 2020లో వచ్చిన ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. జనరల్ లీగల్ కౌన్సిల్ వాటిని అమలు చేస్తుంది. మన దేశంలో ఈ విషయం ఇంకా సూటిగా ఉంది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఒక సంస్థ లేదా సొసైటీ కార్యనిర్వాహక కమిటీలో సభ్యుడైన న్యాయవాది ఆ సంస్థ తరఫున గాని, దానికి వ్యతిరేకంగా గాని ఏ కోర్టులోనూ, ట్రిబ్యునల్‌లోనూ, ఇతర అధికార సంస్థ ముందూ హాజరు కాకూడదు. మీకు ఈ ఏర్పాటు వింతగా తోచడానికి కారణం ఇదే కావచ్చు. అయితే మన నియమం అక్కడ వర్తించదు, ఘనా న్యాయవాదిని ఘనా నియమాలతోనే ప్రశ్నించాలి.

"నేను ఉన్నాను కదా" అన్న మాట ధైర్యం చెప్పడానికి అన్నదే అయితే అక్కడితో వదిలేయవచ్చు. కమిటీ సభ్యులను మెప్పించాలనో, ఖర్చులు ఉంటాయనో రసీదు లేని సొమ్ము ఏదైనా అడిగితే మాత్రం ఇవ్వకండి. ఈ విషయంలో ఘనాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2018 జూన్‌లో పాత్రికేయుడు అనాస్ అరెమెయావ్ అనాస్ రహస్యంగా చిత్రీకరించిన దృశ్యాలు బయటపడ్డాయి. పెట్టుబడిదారుగా నటించిన వ్యక్తి నుంచి న్యాంటాక్యీ 65,000 డాలర్లు తీసుకోవడం వాటిలో కనిపించింది. అప్పటికి ఆయన ఫిఫా కౌన్సిల్ సభ్యుడు, ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్యకు ప్రథమ ఉపాధ్యక్షుడు. అదే సంవత్సరం అక్టోబరులో ఫిఫా నైతిక కమిటీ విరుద్ధ ప్రయోజనాలు, లంచం, కమీషన్లకు సంబంధించిన నిబంధనలను ఆయన ఉల్లంఘించారని తేల్చి, జీవితకాల నిషేధం, 5,00,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. స్విట్జర్లాండులోని లొసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2020లో ఆ నిషేధాన్ని 15 ఏళ్లకు, జరిమానాను 1,00,000 ఫ్రాంకులకు తగ్గించింది గాని తప్పు జరగలేదని చెప్పలేదు. మీరు క్లబ్ కార్యవర్గంలో ఉన్నారు గనుక ఫిఫా నియమావళి దృష్టిలో మీరూ అధికారులే. ఇచ్చినవారికీ శిక్ష ఉంటుంది, తెలిసీ చెప్పకపోవడమూ ఉల్లంఘనే.

నేరుగా హైకోర్టుకు వెళ్ళమన్న మీ మిత్రుడి సలహాను అంత తేలికగా పాటించవద్దు. ఫుట్‌బాల్ తగాదాలను సాధారణ కోర్టులకు తీసుకువెళ్లకూడదని, తాత్కాలిక ఉత్తర్వుల కోసం కూడా వెళ్లకూడదని, ఫిఫా నిబంధనలలో ప్రత్యేకంగా మినహాయించిన సందర్భాలు తప్ప, స్పష్టమైన నిషేధం ఉంది. ఈ షరతును తమ నియమావళిలో చేర్చుకోవడం సభ్య సంఘాలన్నిటికీ తప్పనిసరి. లీగ్‌లో నమోదైనప్పుడే మీ క్లబ్ దీనికి కట్టుబడింది. హైకోర్టు మీ దావాను స్వీకరించినా, దావా వేసినందుకే సంఘం మీ క్లబ్‌పై క్రమశిక్షణ చర్య తీసుకునే అవకాశం ఉంటుంది. ఆటగాడి విషయంలో న్యాయం మీ వైపే ఉండి, తప్పు తలుపు తట్టినందుకు శిక్ష పడితే అంతకంటే విచారకరం ఉండదు.

హైకోర్టుకు వెళ్ళడమంటే ఘనాలో అందరికీ 2018 గుర్తుకు వస్తుంది. ఆ దృశ్యాలు బయటికి వచ్చాక ప్రభుత్వం ఫుట్‌బాల్ సంఘాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది. ఆ సంఘం కంపెనీల చట్టం కింద గ్యారంటీతో పరిమితమైన (వాటాలు కాక సభ్యుల హామీపై నడిచే) సంస్థగా నమోదైనది కనుక, అటార్నీ జనరల్ హైకోర్టులో ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చి, సంస్థను మూసివేయాలని పిటిషన్ వేశారు. దేశీయ చట్టం ప్రకారం అది వీలైన మార్గమే. కానీ ఆగస్టు 27 లోపు ఆ పిటిషన్ వెనక్కి తీసుకోకపోతే ఘనాను సస్పెండ్ చేస్తామని ఫిఫా హెచ్చరించింది, ప్రభుత్వం తగ్గింది, కోఫీ అమోవా అధ్యక్షతన తాత్కాలిక కమిటీ ఏర్పడింది. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది: 2022 మేలో సుప్రీంకోర్టు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు పాలకుల కమిటీని నియమించగా, ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసి, ఆ కమిటీ తొలగిన కొద్ది రోజులకే, 26న ఎత్తివేసింది. ఆ తర్వాత సమాఖ్య నియమావళిని ఖరారు చేసే పని మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు చేతికి వచ్చింది. ఈ రెండు ఉదంతాలూ బయటి శక్తి సంఘాన్నే చేతిలోకి తీసుకున్న సందర్భాలు. మీ క్లబ్ దావా వేసినంత మాత్రాన ఘనా మొత్తం సస్పెండ్ కాదు. మీ మిత్రుడికి ఎవరైనా అలా చెప్పి భయపెడితే నమ్మనవసరం లేదు, దెబ్బ తగిలేది మీ క్లబ్‌కు మాత్రమే.

కోర్టు తలుపులు పూర్తిగా మూసుకుపోయాయనీ అనుకోవద్దు. మీకు, మీ తోటి వాటాదారులకు మధ్య లెక్కల తగాదా వస్తే అది కంపెనీ వ్యవహారం, 2019 నాటి ఘనా కంపెనీల చట్టం కింద కోర్టుకే వెళ్ళాలి. ఒప్పందం మీద సంతకం ఫోర్జరీ చేశారనిపిస్తే పోలీసు ఫిర్యాదును ఏ క్రీడా నియమమూ ఆపలేదు. ఉద్యోగ ఒప్పందం విషయమై ఆటగాడు, క్లబ్ పరస్పరం సివిల్ కోర్టును ఆశ్రయించే హక్కును ఫిఫా బదిలీ నిబంధనలే గుర్తిస్తాయి, కానీ మీ పోరాటం ప్రధానంగా అవతలి క్లబ్‌తో గనుక అది మీకు పెద్దగా ఉపయోగపడదు.

ఇప్పుడు చేయవలసింది ఇది. మీ న్యాయవాదికి మర్యాదగానే ఒక ఉత్తరం రాసి, ఆయన ఏ కమిటీలో ఏ హోదాలో ఉన్నారో, మీ క్లబ్‌తో తన సంబంధాన్ని సంఘానికి వెల్లడించారో లేదో రాతపూర్వకంగా చెప్పమని కోరండి. ఒప్పందం అసలు ప్రతి, ఆటగాడి నమోదు పత్రాలు, జీతం చెల్లింపుల రసీదులు ఆయన దగ్గర ఉంటే వెనక్కి తీసుకోండి. ఆయనకు ఫీజు బాకీ ఉంటే ముందు అది తీర్చడం మంచిది, లేకుంటే కాగితాల దగ్గరే పేచీ మొదలవుతుంది. కొత్త న్యాయవాది ద్వారా ఆటగాళ్ల హోదా కమిటీకి ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్న తేదీతో ముద్ర వేయించుకోండి. కమిటీలో ఎవరి విషయంలోనైనా అభ్యంతరం ఉంటే విచారణ మొదలుకాకముందే లేవనెత్తాలి. తీర్పు వ్యతిరేకంగా వచ్చాక లేవనెత్తే అభ్యంతరానికి విలువ తక్కువ.

గడువుల విషయంలో జాగ్రత్త. సంఘంలోని అప్పీలు గడువును ఈ సీజన్ నిబంధనలలో చూసుకోండి. ఆ మెట్లన్నీ ఎక్కాక లొసాన్ న్యాయస్థానానికి వెళ్ళవలసి వస్తే, సంఘం నియమావళి వేరే గడువు చెప్పకపోతే, తీర్పు అందిన 21 రోజుల లోపు అప్పీలు దాఖలు కావాలి. ఆ న్యాయస్థానం వాస్తవాలను, చట్టాన్ని మళ్లీ మొదటి నుంచీ పరిశీలించగలదు కనుక కింద జరిగిన లోపాలు అక్కడ సరిదిద్దుకోవచ్చు, కానీ తిరిగి రాని 1,000 స్విస్ ఫ్రాంకుల రుసుము దాఖలు సమయంలోనే కట్టాలి, మధ్యవర్తుల ఖర్చు అదనం. డివిజన్ టూ క్లబ్‌కు ఆటగాడి విలువ ఎంత, ఈ ఖర్చు ఎంత అన్నది ముందే లెక్క వేసుకోండి. ఒకవేళ ఆ ఆటగాడు ఈలోగా విదేశీ క్లబ్‌కు వెళితే వ్యవహారం మారుతుంది: ఆటగాడిని తీర్చిదిద్దిన క్లబ్‌కు దక్కే శిక్షణ పరిహారం కోసం ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే వీలు రావచ్చు, అక్కడ తగాదాకు కారణమైన సంఘటన జరిగిన రెండేళ్ల లోపు దాఖలు చేయని ఫిర్యాదును వినరు.