డేకేర్ డైరెక్టర్ కావాలంటే మాస్టర్స్ చేయాలా?

డేకేర్‌లో టీచరుగా కొన్నేళ్లు పనిచేశాక డైరెక్టర్ బాధ్యత తీసుకోవడానికి పీజీ తప్పనిసరా అని అడిగారు. నిబంధనల లెక్కన చాలాచోట్ల కాదు. అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం ప్రభుత్వ నిధులతో నడిచే హెడ్ స్టార్ట్ పథకాన్నే తీసుకోండి. 2016 నవంబరు 7 తర్వాత చేరే డైరెక్టర్లకు అక్కడ కనీస అర్హత బ్యాచిలర్ డిగ్రీ. సిబ్బంది పర్యవేక్షణ, ఆర్థిక నిర్వహణ, పరిపాలనలో అనుభవం కూడా ఉండాలి.

అయినా వీలుంటే చదవమనే చెబుతాను. పిల్లల్ని బాగా చూసుకోవడం వేరు, వాళ్లను చూసుకునేవాళ్లను నడిపించడం వేరు. పసిపిల్లల గదిలో ఎనిమిది మంది ఉన్నారనుకోండి. నలుగురికి ఒకరు చొప్పున ఇద్దరు టీచర్లు ఉండాలి. పొద్దున్నే ఒకరు జ్వరమని ఫోన్ చేశారు. తలుపు దగ్గర తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఎవర్ని ఆ గదికి పంపాలి, ఆ అదనపు జీతం ఏ పద్దులోంచి తీయాలి? ఖర్చులో పెద్ద వాటా జీతాలదే కాబట్టి పసిపిల్లల గది ఫీజులతో గట్టెక్కడం కష్టం. పెద్దపిల్లల గదులే ఆ లోటు పూడుస్తాయి. ఈ లెక్క టీచరుగా ఉన్నప్పుడు మనకు కనబడదు.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోకండి. శిశు వికాస సిద్ధాంతాలే నిండిన సిలబస్ మీకు సగమే పనికొస్తుంది. బడ్జెట్, లైసెన్సింగ్ చట్టాలు, సిబ్బంది శిక్షణ ఉన్నాయా, నిజమైన కేంద్రంలో ప్రాక్టికమ్ (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) ఉందా చూడండి. ఉద్యోగం మానక్కర్లేదు, పార్ట్‌టైమ్‌లో చదివితే నేర్చుకున్నది మర్నాడే పనిలో పెట్టి చూడొచ్చు.