కంపైలర్ తనే పడిందా, ఎవరైనా పడేశారా?

చిన్నా, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని సోర్స్ కోడ్ నుంచి కడుతుంటే కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) మధ్యలో పడిపోయిందని నువ్వు పంపిన ఫోటో చూశాను. చివరి పది లైన్లే తీశావు, అందులో 'స్టాప్డ్ ఇన్' తప్ప ఏమీ లేదు. సిస్టమ్ ప్రోగ్రామ్‌లన్నీ కట్టే బిల్డ్‌వరల్డ్ ఆదేశాన్ని జె8 పెట్టి నడిపితే ఎనిమిది పనులు ఒకేసారి సాగుతాయి, ఒకటి పడిపోయినా మిగతావి చేతిలో ఉన్న పని ముగిసేదాకా వాగుతూనే ఉంటాయి కాబట్టి అసలు ఎర్రర్ ఎక్కడో వందల లైన్ల పైన ఉంటుంది. ఈసారి అవుట్‌పుట్ మొత్తం ఫైల్లోకి మళ్లించి, అందులో మొట్టమొదటి ఎర్రర్ వెతుకు.

అక్కడ సిగ్నల్ 9 (ప్రోగ్రామ్‌ని బలవంతంగా ఆపే సంకేతం) అని ఉంటే కంపైలర్ తప్పేమీ లేదు, మెమరీ చాలక సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నలే దాన్ని చంపేసింది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో 'వాజ్ కిల్డ్' అని కనబడుతుంది. 2014లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి క్లాంగే అసలు కంపైలర్, అంటే వరల్డ్ కట్టడమంటే క్లాంగ్‌కి ఆధారమైన ఆ ఎల్ఎల్‌వీఎం కోడ్ కొండనంతా కట్టడమే. అందులో కొన్ని ఫైళ్లకు ఒక్కో ప్రాసెస్సే గిగాబైటు దాకా తింటుంది, ఇక క్లాంగ్‌ని లింక్ చేసే దగ్గర కంపైలైన ముక్కలన్నీ కలిపే లింకర్ ఆకలి చెప్పక్కర్లేదు. నీది 8 జీబీ ర్యామ్, పైగా టెంప్ డైరెక్టరీని కూడా ర్యామ్‌లోనే పెట్టావు! జె2కి దించు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పెంచు.

సిగ్నల్ 11 (ప్రోగ్రామ్ ముట్టకూడని మెమరీని ముట్టుకుందన్న సంకేతం) అయితే వేరే కథ. ఏమీ మార్చకుండా మళ్లీ నడిపి చూడు. ఒకసారి ఒక ఫైల్ దగ్గర, ఇంకోసారి ఇంకో ఫైల్ దగ్గర పడుతుంటే అనుమానం హార్డ్‌వేర్ మీదికి వెళ్లాలి. నేను ఒక వేసవిలో వారం రోజులు సోర్స్ మళ్లీ మళ్లీ దించుకుని, క్లాంగ్‌ని తిట్టుకుని, అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. తీరా రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే తెల్లారేసరికి స్క్రీన్ నిండా ఎర్రగా లైన్లు, రెండో స్లాట్‌లో ఉన్న సెకండ్‌హ్యాండ్ ర్యామ్ స్టిక్ పోయింది. బయోస్‌లో ఓవర్‌క్లాక్, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఉంటే ముందు తీసేయ్, ఫ్యాన్ దుమ్ము కూడా దులుపు.

ప్రతిసారీ అదే ఫైల్ దగ్గర పడుతుంటే మాత్రం పాత ఆబ్జెక్టులు (ముందు కంపైలైన ముక్కలు) మిగిలిపోయాయేమో, ఓబీజే డైరెక్టరీ మొత్తం చెరిపి మొదలుపెట్టు. కొన్ని ఫైళ్లు చెరగనని మొండికేస్తే ముందు వాటి మీద మార్పులను అడ్డుకునే ఎస్‌సీహెచ్‌జీ ఫ్లాగ్ తీయాలి. బిల్డ్ సెట్టింగులుండే మేక్.కాన్ఫ్‌లో ఎవరో చెప్పారని పెట్టుకున్న సీపీయూటైప్, సీఫ్లాగ్స్ తీసేసి చూడు. సోర్స్‌లోని, మార్పుల హెచ్చరికలుండే అప్‌డేటింగ్ ఫైల్ చదివావా? చదవలేదని తెలుసు. 'అన్‌డిఫైన్డ్ సింబల్' అంటే అది క్రాష్ కాదురా, లింకర్ తన పని సరిగ్గానే చేస్తోంది, దానికి కావాల్సింది దొరకలేదంతే.

నిజంగా క్లాంగే కూలితే, పోతూ పోతూ టెంప్‌లో ఒక షెల్ స్క్రిప్టు, ప్రీప్రాసెస్ చేసిన సోర్సు వదిలి వెళ్తుంది. బగ్ రిపోర్టుకి అవే ప్రాణం. నీ టెంప్ ర్యామ్‌లో ఉంది కదా, రీబూట్ చేస్తే అవీ పోతాయి, ముందే పక్కకు కాపీ చేసుకో.

ఏ సిగ్నలో చూసి ఒక్క మెసేజ్ పెట్టు. అప్పటిదాకా కొత్త ర్యామ్ కొనకు.

— బాబాయ్