బీపీ మాత్ర మొదలుపెట్టాక పొడి దగ్గు: మానేయవచ్చా?
రామిప్రిల్ మొదలుపెట్టిన నెలకు పొడి దగ్గు పట్టుకుందని, మాత్ర మానేయవచ్చా అని అడిగారు. కఫమూ జ్వరమూ లేకుండా, గొంతులో గరగరతో విడవకుండా వచ్చే దగ్గు రామిప్రిల్ వంటి ‘ఏసీఈ ఇన్హిబిటర్’ తరగతి బీపీ మందులతో తరచుగా కనిపించేదే. ఇవి అడ్డుకునే ఏసీఈ అనే ఎంజైమే బ్రాడికినిన్ అనే పదార్థాన్ని కూడా విచ్ఛిన్నం చేస్తుంది కనుక, విచ్ఛిన్నం కాని బ్రాడికినిన్ శ్వాసనాళాల్లో పేరుకుని దగ్గును రేపుతుంది. దగ్గు సిరప్‌లతో ఇది సాధారణంగా తగ్గదు. అయినా మీ అంతట మీరు మాత్ర ఆపకండి, రక్తపోటు మళ్లీ పెరగవచ్చు. దగ్గు మొదలైన తేదీ, వాడుతున్న మందులన్నీ రాసుకుని వైద్యుణ్ణి కలిస్తే, వేరే కారణాలు లేవని చూసుకుని లోసార్టాన్ వంటి మరో తరగతి మందుకు మార్చవచ్చు. ఆ తర్వాత దగ్గు తగ్గడానికి సాధారణంగా 1 నుంచి 4 వారాలు పడుతుంది. పెదవులు, నాలుక, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా మాత్రం తర్వాతి మాత్ర వేసుకోకుండా, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.