గేటు దాటితే నేలకు అతుక్కుపోయే కుక్కకి

ఆటో హారన్ వినగానే మీ కుక్క కూలబడుతోందనీ, బెల్టు లాగితే అందులోంచి తల జార్చేసుకుంటోందనీ రాశారు. ముందు ఆ లాగడం ఆపండి. మెడ బెల్టు తీసేసి, ఛాతీకీ నడుముకీ విడివిడిగా బిగిసే హార్నెస్ వేయండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అంతకంటే వదులైతే వెనక్కి నడిచి ఊడబెరుక్కుంటుంది.

సాయంత్రం కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో నేర్పబోతే దండగే. తెల్లవారుజామున గేటు లోపలే కూర్చోండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ని గోరంత ముక్కలు చేసి పెట్టుకోండి. హారన్ వినపడ్డాకే ముక్క ఇవ్వాలి. ముందే ఇస్తే, చికెన్ కనబడితే చాలు ఏదో ముంచుకొస్తోందని బెదురుతుంది. మూతి నాక్కోవడం, ఊరికే ఆవలించడం, తోక కడుపు కిందికి ముడవడం భయానికి గుర్తులు. ఇష్టమైన ముక్క కూడా ముట్టకపోతే మొండితనం అనుకోకండి, శబ్దం మరీ దగ్గరైందని అర్థం, లోపలికి తీసుకెళ్లండి. పూటకి 5 నిమిషాలు చాలు.

బోనాల డప్పులప్పుడూ, నిమజ్జనం రోజుల్లోనూ బయట పాఠాలు వద్దు. దీపావళికి ముందే వెటర్నరీ డాక్టర్ని కలవండి. మనుషుల నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేయకండి.