సర్పి లేస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి

మహబూబ్‌నగర్ నుంచి న్యూజెర్సీకి వచ్చి ఏడాది కూడా కాని ఒక తమ్ముడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. భార్యకు ఎనిమిదో నెల. పురుడు పోయడానికి ఈ తమ్ముడి అమ్మ వచ్చి మూడు వారాలైంది. ఆమెకు నడుము ఒక పక్క మంట మొదలై, తెల్లారేసరికి పొక్కులు లేచాయి. "అన్నా, అమ్మ సర్పి అంటున్నది. ఇక్కడి డాక్టర్‌కు దాన్ని ఏమని చెప్పాలె? నా భార్యకు అంటుకుంటదా?"

షింగిల్స్ అని చెప్పు, రేపు కాదు, ఇయ్యాలే వెళ్లు అన్నాను. ఎందుకంత తొందరంటే, నేను తొందరపడలేదు కాబట్టి.

2016 జనవరిలో ఇక్కడ పెద్ద మంచు తుఫాను. రెండు రోజులు పార పట్టి మంచు ఎత్తిపోశాను. మూడోనాడు కుడి పక్కటెముకల కింద మంట పుడితే కండరం పట్టేసిందనుకుని బామ్ రాశాను. పొక్కులు లేస్తే బామ్ పడలేదనుకున్నాను. క్లినిక్‌కు ఫోన్ చేస్తే పదకొండు రోజుల తర్వాత రమ్మన్నారు, నేనూ సరేనన్నాను. నల్గొండ దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మ స్కైప్‌లో చూసి వెంటనే పట్టేసింది: "కొడుకా, గది సర్పిరా. జాజు కలిపి పుయ్యి." రోగం సరిగ్గానే చెప్పింది, మందే తప్పు. అప్పటికి పొక్కులు లేచి ఐదు రోజులు.

వైరస్‌ను అణిచే గోళీలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పెద్దవాళ్లకు మామూలుగా వాలాసైక్లోవిర్ వెయ్యి మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు ఇస్తారు. ఎసైక్లోవిర్ అయితే రోజుకు ఐదుసార్లు. కిడ్నీ సమస్య ఉంటే డోసు తగ్గిస్తారు కాబట్టి ఆ మాట ముందే చెప్పాలి. గడువు దాటినా కొత్త పొక్కులు లేస్తూంటే మందు ఇస్తారు, ఇక లాభం లేదని ఇంట్లో కూర్చోకండి. సొంత డాక్టర్ లేకపోతే అర్జెంట్ కేర్‌కు వెళ్లండి. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, పొక్కులు ఏ తేదీన లేచాయో స్పష్టంగా చెప్పండి. నుదుటి మీద, కంటి పక్కన, ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే మాత్రం అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే, చూపు పోయే ప్రమాదం ఉంది.

నన్ను చూసిన డాక్టర్ మొదట అడిగింది, చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా అని. ఏడో తరగతిలో నాకు అమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు, ఇంట్లో తాలింపు బంద్, ఆఖరున వేపాకు, పసుపు నీళ్లతో స్నానం. అమ్మ దిగిపోయిందనే అనుకున్నాం. ఆ వైరస్ మాత్రం వెన్నెముక పక్కన నరం మొదట్లో ముప్ఫై ఏళ్లు దాక్కుని, నాలో రోగనిరోధక శక్తి తగ్గిన అదును చూసి ఆ నరం వెంటే బయటికొచ్చింది. అందుకే పొక్కులు పట్టీలాగా ఒక పక్కే వస్తాయి. సర్పి పాములా నడుము చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని మన దగ్గర భయపెడతారు. ఆ నరం వీపు నుంచి ముందుకొచ్చి నడిమధ్యలోనే ఆగిపోతుంది, ఇక కలిసేదెక్కడ?

ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్ల సంగతి. సర్పి నుంచి సర్పి అంటదు. కానీ పొక్కుల రసి తగిలితే, అమ్మ పోయని, టీకా పడని మనిషికి చికెన్‌పాక్స్ రావచ్చు. ముందు మీ అత్తగారికి ఫోన్ చేసి "ఈమెకు చిన్నప్పుడు అమ్మ పోసిందా?" అని అడుగు. పోసి ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. తెలియదంటే ప్రసూతి డాక్టర్‌కు ఈ రోజే చెప్పు, రక్త పరీక్షలో తేలుతుంది. రక్షణ లేదని తేలి, ఇప్పటికే రసి తగిలి ఉంటే పది రోజుల్లోపు ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి ఉంది. పొక్కులన్నీ చెక్కు కట్టి ఎండేదాకా మీ అమ్మ వాటిని బట్టతో కప్పుకోవాలి, తువ్వాల వేరుగా పెట్టుకోవాలి. ఎండాక మనుమణ్ని ఎత్తుకోవచ్చు.

అసలు బాధ తర్వాత మొదలవుతుంది, అందరికీ కాదు గానీ వయసు పైబడిన కొద్దీ ఎక్కువ. పుండు మానిపోతుంది, నరం మానదు. మూడు నెలలు దాటినా నొప్పి పోకపోతే దానికి వేరే పేరూ వేరే వైద్యమూ ఉన్నాయి. నాకు ఏడు నెలలు ఉంది. కారులో సీటుబెల్టు సరిగ్గా ఆ చోటే ఒరుసుకునేది, మధ్యలో మడిచిన తువ్వాల పెట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాణ్ని. అంగి తగిలితే నిప్పు, అరచేత్తో గట్టిగా అదిమితే మాత్రం నిమ్మళం. మామూలు నొప్పి గోళీలు దీని మీద పెద్దగా పనిచేయవు. ఊరి నుంచి అమ్మ పంపిన బి12 గోళీలూ అంతే. గాబాపెంటిన్ గానీ ప్రీగాబాలిన్ గానీ తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మగతగా ఉంటుంది, పెద్దవాళ్లు రాత్రి బాత్రూముకు లేచి తూలి పడతారు, లైటు వేసి ఉంచండి. నార్ట్రిప్టిలిన్ రాస్తే "డిప్రెషన్ మందు మా అమ్మకెందుకు" అని గొడవపడకండి, చిన్న డోసులో అది నరాల నొప్పికీ పనిచేస్తుంది. గుండె జబ్బు ఉంటే మాత్రం చెప్పండి. నన్ను ఎక్కువ ఆదుకున్నది లిడోకైన్ పట్టీ. కత్తెరతో కావలసినంత కోసి, మానిన చర్మం మీదే అంటించి, పన్నెండు గంటలకు తీసేయాలి.

యాభై నిండగానే షింగ్రిక్స్ టీకా రెండు డోసులూ వేయించుకున్నాను. ఒక రాత్రి జ్వరం, రెండు రోజులు భుజం నొప్పి, అంతే. సర్పి ఒకసారి వచ్చినవాళ్లూ వేయించుకోవచ్చు. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది, ధర ఎక్కువే. ఊళ్లో ఉన్న మీ నాన్నకు అడిగి చూడు.

ఇంకొకటి. ఇక్కడి డాక్టర్ నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతాడు. మన అమ్మలు "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటారు, నువ్వు దాన్నే ఇంగ్లీషులో చెబుతావు, రెండు అని రాసుకుంటాడు. రాత్రి పడుకున్నదా, చీర కుచ్చిళ్లు తగిలితే ఏమంటున్నది, పోటా, మంటా, తిమ్మిరా, అవి చెప్పు. తెలుగు దుబాసీ కావాలంటే పెద్ద ఆసుపత్రులు ఫోన్‌లో ఉచితంగానే పెడతాయి, కొడుకుకు చెప్పుకోలేనివి ఆమె వాళ్లకు చెప్పుకుంటుంది. నెలల తరబడి గాబాపెంటిన్ వాడాల్సి వస్తే, తిరుగు ప్రయాణానికి ముందే ప్రిస్క్రిప్షన్ కాగితం, నెలకు సరిపడా గోళీలు చేతిసంచిలో పెట్టు. మహబూబ్‌నగర్ చేరాక నొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపొద్దని ఆమెకూ, ఇంట్లో మందులిచ్చే మీ చెల్లెకూ చెప్పు.