రాగి కాంప్లెక్సులపై పరిశోధనకు ఇనార్గానిక్ తీసుకోవాలా, ఆర్గానిక్కా?

ప్రశ్న: మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో బీఎస్సీ ఫైనలియర్ చదువుతోంది. రాగి కాంప్లెక్సులు (రాగి పరమాణువు చుట్టూ వేరే అణువులు అతుక్కున్న సమ్మేళనాలు) డీఎన్‌ఏను తెంచి క్యాన్సర్ కణాలను చంపగలవని చదివి, ఎమ్మెస్సీ ఇనార్గానిక్ చేస్తానంటోంది. ఆర్గానిక్ అయితేనే ఫార్మాలో ఉద్యోగమని చుట్టాలంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అంశం మంచిదేనండి, దారి మాత్రం పొడవు. ప్లాటినం సమ్మేళనాలు బ్యాక్టీరియా విభజనను ఆపుతాయని 1965లో బయటపడితే, వాటిలో ఒకటైన సిస్‌ప్లాటిన్‌కు అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది 1978లో. రాగి ఫినాంథ్రోలిన్ కాంప్లెక్సు డీఎన్‌ఏను తెంచుతుందని 1979లోనే తేలింది. మెక్సికోలో క్యాసియోపైనాలనే రాగి కాంప్లెక్సులు మనుషులపై తొలి దశ పరీక్షల దాకా వెళ్లాయి. అయినా క్యాన్సర్ చికిత్సకు అనుమతి పొందిన రాగి కాంప్లెక్సు ఇప్పటికీ లేదు. అమ్మాయికి ఇది ముందే తెలియాలి.

ఆర్గానిక్ తీసుకున్నంత మాత్రాన ఈ పరిశోధన చేజారిపోదు. రాగి లవణం సీసాలో దొరుకుతుంది, దానికి అతుక్కునే అణువు, అంటే లిగాండే మనం తయారు చేసుకోవాలి. షిఫ్ బేస్ (తరచూ వాడే ఒక రకం లిగాండ్) చేయడం, శుద్ధి చేయడం అచ్చంగా ఆర్గానిక్ పని. కాంప్లెక్సు చేతికొచ్చాక ఇనార్గానిక్ అక్కరకొస్తుంది: రాగి(II) పారామాగ్నెటిక్, అంటే అందులో జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది, అందుకే అణువుల నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్‌లో గీతలు వెడల్పైపోతాయి, కాబట్టి ఈపీఆర్ (జతలేని ఎలక్ట్రాన్లను పట్టే పరీక్ష), మాస్ స్పెక్ట్రోమెట్రీ, సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌రే చదవడం రావాలి. ఎమ్మెస్సీ కాగానే జీతం అవసరమైతే ఆర్గానిక్ తీసుకోండి. పీహెచ్‌డీ దాకా ఆగగలిగితే అమ్మాయి మాటే వినండి.

ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందంటే, పీబీఆర్322 ప్లాస్మిడ్‌కు (గుండ్రటి చిన్న డీఎన్‌ఏకు) కాంప్లెక్సు, ఆస్కార్బేట్ (విటమిన్ సి రూపం) కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచి, 1 శాతం అగరోజ్ జెల్‌పై నడుపుతారు. రాగి(I) ఏర్పడి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి, డీఎన్‌ఏ తెగుతుంది. తెగని మెలి డీఎన్‌ఏ (ఫారం-1) జెల్‌లో ముందుకు పోతుంది, ఒక పోగు తెగితే వచ్చే ఫారం-2 వెనకే ఆగిపోతుంది, రెండు పోగులూ ఒకేచోట తెగితే వచ్చే ఫారం-3 మధ్యలో కనిపిస్తుంది.

కొత్తవాళ్లు చిక్కుకునేది చిన్న విషయాల్లోనే. కాంప్లెక్సు కరగడానికి వాడే డీఎంఎస్‌ఓ అనే ద్రావణి ఆ రాడికల్స్‌నే మింగేస్తుంది, తెగడం తక్కువగా కనిపిస్తుంది. ప్లాస్మిడ్ నిల్వ చేసే టీఈ బఫర్‌లోని ఈడీటీఏ రాగిని లాగేసుకుంటుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో రాగి అవక్షేపం కావచ్చు, అందుకే ట్రిస్ బఫర్ మేలు. అన్నిటికంటే ముఖ్యం కంట్రోళ్లు, అంటే పోల్చి చూడటానికి పక్కన నడిపే నమూనాలు: లిగాండ్ ఒక్కటే, రాగి లవణం ఒక్కటే, ఆస్కార్బేట్ లేకుండా కాంప్లెక్సు, ఈ మూడూ పక్కన లేని జెల్‌ను నమ్మొద్దు. కాంప్లెక్సు బఫర్‌లో విడిపోతే మీరు కొలిచింది మామూలు రాగినే. జెల్‌లో డీఎన్‌ఏ కనిపించేందుకు వాడే రంగు ఇథిడియం బ్రోమైడ్‌ను గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. జెల్‌పై డీఎన్‌ఏ తెగినంత మాత్రాన అది మందు కాదు. మామూలు కణాలకు హాని తక్కువని కూడా చూపాలి.

ఉస్మానియాలో ఎమ్మెస్సీకి సీపీగెట్, హెచ్‌సీయూకు సీయూఈటీ-పీజీ, ఐఐటీ హైదరాబాద్‌కు జామ్ రాయాలి. ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, దగ్గర్లోనే ఉన్న కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ మన ఊళ్లోనే ఉండటం అదృష్టం.

పీహెచ్‌డీ గైడును ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడగమనండి: సెల్ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన కణాలపై పరీక్ష) ఎక్కడ చేయిస్తారు? ఈపీఆర్, ఎక్స్‌రే సమయం ఎంతకు దొరుకుతుంది? జవాబు తేలకపోతే ఆ ల్యాబ్‌లో చేరేముందు అక్కడి సీనియర్లతో మాట్లాడాలి.