నాణేలు పోగేస్తానంటున్న మేనల్లుడికి

కిరణ్,

ఫొటో పంపావే, ఆ కాసు కొనొద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి రాస్తాను. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818, అర్ధణా. కంపెనీవాళ్ళు అలాంటి నాణెం ఎప్పుడూ ముద్రించలేదు. గుళ్ళ దగ్గర పూజకని అమ్మే బిళ్ళలవి, కొన్నిటి మీద 1616 అనీ 1717 అనీ తోచిన సంవత్సరం వేస్తారు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని నమ్మించి లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ ముఠాల గురించి మన పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకి లక్షలిస్తామనే వీడియోలూ అదే బాపతు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, కట్టాక ఫోన్ ఎత్తరు. ఇలాంటి వ్యాపారంతో తమకి సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021లో ప్రకటన కూడా ఇచ్చింది.

ఇక పెట్టుబడిగా పనికొస్తుందా అన్నావు. సరదా కోసం కొనుక్కో, అమ్మడం తెలిసేదాకా పెట్టుబడి అనే మాట ఎత్తకు. షేరైతే ఫోన్లో నిమిషంలో అమ్మేస్తావు, నాణెం అలా కాదు. నీకు అయిదు వేలకి అమ్మిన దుకాణాయనే మర్నాడు తిరిగి తీసుకెళ్తే మూడున్నర వేలంటాడు, తిట్టుకుని లాభం లేదు, ఆయన అద్దె, జీతాలు అన్నీ ఆ తేడాలోంచే రావాలి. అందుకే ఏది కొన్నా రేపు దీన్ని నా దగ్గర ఎవరు కొంటారు, ఎంతకి కొంటారు అని ముందే ఆలోచించు. నెట్‌లో జనం అడిగే ధర ఎంతైనా ఉండొచ్చు. వేలం సంస్థలు పాత వేలాల్లో అమ్ముడైన ధరలు పెడతాయి, అవి చూడు.

ఉదాహరణకి 2023 ఆగస్టులో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. బరువు 35 గ్రాములు, అందులో వెండి సగమే, అంటే పదిహేడున్నర గ్రాములు. అప్పటి ధరకి ఆ వెండి పదిహేను వందలు కూడా చేయదు, ప్యాకింగుతో కలిపి అమ్మింది మాత్రం నాలుగు వేల పైమాటే. అభిమానంతో కొన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఆ డబ్బు ఎప్పుడో వసూలైపోయింది. లాభం కోసం కొన్నవాడికి మాత్రం ముందు ఆ గుంట పూడాలి.

పాతదైతే చాలు ఖరీదైందనుకోవద్దు. శాతవాహనుల మామూలు పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం) నాణేలు రెండువేల ఏళ్ళ నాటివి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉంటే ఎగిరి గంతేయకు, ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు అదే సంవత్సరం వేసి కొట్టారు, కుప్పలుగా ఉన్నాయి. అదే ఆరో జార్జి 1939 వెండి రూపాయి దొరకడం కష్టం, అందుకే దానికి నకిలీలూ ఎక్కువే, తెలిసినవాడికి చూపించకుండా పైసా ఇవ్వకు.

మీ నానమ్మ డబ్బాలో ఉన్నవాటి సంగతి. దయచేసి చింతపండు పెట్టి తోమకు, పీతాంబరి అసలే వద్దు. నల్లబడ్డ వెండిని నల్లగానే ఉంచు, తళతళలాడేలా తోమిన రూపాయిని నాణేలు సేకరించేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. అంచు మీద టంకం మచ్చ ఉందేమో చూడు. మన ఇళ్ళల్లో చాలా రూపాయలకి కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నారు, అలాంటివాటికి వెండి ధర తప్ప ఇంకేం రాదు. తర్వాత తూకం వెయ్యి. 1939 దాకా వచ్చిన బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940 నుంచి వెండి సగానికి దిగింది. 1947 రూపాయిలో వెండే లేదు, వెనక పులి బొమ్మ ఉంటుంది, ఉత్త నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది.

అన్నీ కొనాలని చూడకు, ఒక్క రకం పట్టుకో. నన్నడిగితే నిజాం హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ సంస్థానం సొంత నాణేలు. ఏడో నిజాం రూపాయి మీద చార్మినార్, దాని గుమ్మంలో ఉస్మాన్ పేరుకి గుర్తుగా ఉర్దూ ఐన్ అక్షరం, తేదీ హిజ్రీ అనే ఇస్లామీ క్యాలెండర్లో. 11.18 గ్రాముల బరువు, వెండి 81.8 శాతం, చివరి ఏళ్ళవాటిలో సగమే. ఉర్దూ అంకెలు ఒక్కరోజులో వచ్చేస్తాయి. అంత డబ్బు ఇప్పుడే వద్దనుకుంటే 1957 నుంచి వచ్చిన నయాపైసలు సంవత్సరాల వారీగా, టంకశాలల వారీగా పేర్చు. తేదీ కింద చీలిన వజ్రమో, మధ్యలో చుక్క ఉన్న వజ్రమో ఉంటే మన హైదరాబాదు, ఉత్త వజ్రం ముంబై, ఏమీ లేకపోతే కలకత్తా. హైదరాబాదు నక్షత్రం, నోయిడా టంకశాల గుర్తైన చుక్క తర్వాత వచ్చాయి. సైఫాబాద్‌లో పాత మింట్‌ని 2022లో మ్యూజియం చేశారు, ఒక పూట వెళ్ళిరా, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం కూడా.

పొలంలో దొరికిందని ఎవరైనా మట్టి మరకలతో లంకెబిందె కాసులు తెస్తే చెయ్యి పెట్టకు. నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే జిల్లా కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా ఉంది. వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడమూ నేరమే, అమెరికాలో ఉన్న మీ అన్నయ్య సూట్‌కేసులో పెట్టి పంపే ఆలోచన మానుకో.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి నాణేనికి పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్టముక్కలు దొరుకుతాయి, వాటిలో పెట్టి పక్కన సిలికా జెల్ పొట్లం వెయ్యి. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకో. ఎక్కడ కొన్నావో, ఎంతకో, ఏ తేదీనో ఒక నోట్‌బుక్కులో రాయి, బిల్లు అందులోనే దాచు.

ఈ ఆదివారం డబ్బాలోవి ఒక్కోటీ రెండువైపులా, అంచు కూడా, పగటి వెలుతురులో ఫొటో తీసి బరువుతో సహా పంపు. ఫ్లాష్ వెయ్యకు.

మీ మావయ్య